పంతొమ్మిదో తారీకు దాకా

ఫోన్లో చోటు లేదంది.
నాకూ లేదు. పలాసలో, జీడి ఫ్యాక్టరీలో,
బాయిలరు పక్క రేకుల గది నా ఆఫీసు.
ఒక కుర్చీ, ఒక కంప్యూటరు, గోడ కనపడకుండా పిక్కల బస్తాలు.
"కూలి లెక్కలు" అన్న ఫోల్డరు నొక్కిపట్టి తీసేశాను,
కంప్యూటర్లో ఎలాగూ ఉంది కదా అని.
చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను.
ఇల్లు ఊడ్చాక చేట దులిపినట్టు.

తెల్లారి చూస్తే కంప్యూటర్లో లేదు,
పైన మబ్బులోనూ లేదు.
అన్నీ ఒకటేనట.
ఒకచోట చెరిపితే అన్నిచోట్లా చెరిగిపోవడానికే
నెలనెలా డబ్బు కడుతున్నామట.

టెక్కలి నుంచి కేదారి వచ్చాడు,
హెల్మెట్ తియ్యకుండానే మొదలెట్టాడు:
"అద్దంలో బొమ్మని చూసి ఇంకోటుందనుకున్నావేటి దమయంతీ?
మనిషి లేచెళిపోతే అద్దంలో ఏటుంటాది?"

పోయినేడు తనే ఎక్కడో వేరేచోట ఒక నకలు పెట్టాడట.
రోజూ రాత్రి రెండింటికి, అందరం పడుకున్నాక,
దానంతటదే రాసుకునేదట
షావుకారు ఆ నూట ఎనభై కట్టడం మానేసిన
పంతొమ్మిదో తారీకు దాకా.

నీలిగీత నత్తలా నిండుతోంది.
షెడ్డులో కొట్టుడు ఆగలేదు.
టక్, తొక్క ఒక పక్కకి, పప్పు ఒళ్ళోకి.
ఆ వేళ్ళని వేలిముద్ర మిషను ఒప్పుకోదు,
గీతలన్నీ జీడిసొన తినేసింది.
అందుకే వాళ్ళ హాజరు నా చేతిలో ఉంటుంది,
నేను కొడితే వచ్చినట్టు, కొట్టకపోతే రానట్టు.

వచ్చింది.
గుళ్ళు వచ్చాయి, బద్దలు వచ్చాయి, నూక వచ్చింది,
రాజులమ్మ కళ్ళద్దాలకి తీసుకున్న ఆరొందలు వచ్చాయి.
ముప్పై ఏడో వరసలో
దుంపల నీలమణి వచ్చింది.
పదహారు కిలోలు. అడ్వాన్సు నాలుగు వేలు.

నీలమణి ఇరవై రెండున పోయింది.
జ్వరమన్నారు, టెక్కలి తీసుకెళ్ళారు, అంతే.
ఇరవై నాలుగున ఆ వరస నేనే తీసేశాను.
కిందివాళ్ళందరూ ఒక మెట్టు పైకి జరిగారు.
ఇప్పుడు మళ్ళీ అందరూ కిందికి దిగి
ఆమెకి చోటిచ్చారు.

పోయిన పదకొండు రోజుల్లో
పదిన్నర రోజులు దొరికాయి.
గేటు దగ్గర నోటుపుస్తకంలో కొన్ని,
కాటా చీటీల్లో కొన్ని,
ఆడవాళ్ళ నోట కొన్ని.
"ఆ దినం వానకి పిక్క తడిసిపోనాది, నాది తొమ్మిది కిలోలే, పది రాయకు" అంది ఒకామె,
నేను పది రాయబోతుంటే.

దొరకనిది ఒక్కటే.
"ఆ నాలుగు వేలూ కొట్టేయ్" అన్న మాట.

షావుకారుని అడిగాను.
"నేనన్నానా? ఎప్పుడు? ఎక్కడుంది?"
తెర వైపు చెయ్యి చూపించాడు.
తెర మీద నాలుగు వేలు ఉంది,
నల్లగా, ఖాయంగా, నిన్న రాసినట్టు.
నీలమణి పీట మీద ఇప్పుడు ఆమె కూతురు కూర్చుంటోంది.
ఆ పిల్ల వేళ్ళకి గీతలింకా ఉన్నాయి.

తలుపు దగ్గర రాజులమ్మ, చేతులకి బూడిద.
"అన్నావు బాబూ. ఆదోరం నాడు.
మజ్జిగ గలాసు ఆ బస్తా మీదెట్టి అన్నావు.
గలాసు పడిపోతే నానే తుడిసినాను."

షావుకారు బస్తా వైపు చూశాడు.
గోనె మీద తెల్లగా, వంకరగా,
ఎండిపోయిన మరక.
అవుననలేదు. కాదనలేదు.
చెప్పులేసుకుని కాటా దగ్గరికి వెళ్ళిపోయాడు.

కేదారి హెల్మెట్ పెట్టుకుంటూ అడిగాడు,
"నూట ఎనభై ఈసారైనా కడతాడా?"
నా పర్సులోంచి తీసిచ్చాను.

అంకె కొట్టేశాను. ఆమె పేరు మీద వేలు ఆగింది.
రాత్రి రెండు దాటనీ అనుకున్నాను,
నకల్లో ఒక్కసారి
బాకీ లేకుండా పడనీ.
రేపు పొద్దున్న తీస్తాను.